దోమ ఎగిరే సిరంజి కాదు: మలేరియా దోమ పొట్ట గురించి అపోహలు - వాస్తవాలు

నేను వైజాగ్‌లో ఓ ల్యాబ్‌లో మలేరియా దోమల మీద పని చేస్తున్నానండి, సూటిగా చెప్పాలంటే వాటి పొట్టలో అరుగుదల మీద. అనాఫిలిస్ ఆడదోమ తాగిన రక్తాన్ని ఎలా అరిగించుకుంటుంది, ఆ ఎంజైముల మధ్యలోంచి మలేరియా క్రిమి ఎలా బతికి బయటపడుతుంది, ఇదే నా పని. వానలు పడ్డాయంటే చాలు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు, అవే తప్పు మాటలు తిరుగుతుంటాయి, అందుకే అన్నీ ఒకచోట రాసేద్దామని కూర్చున్నా.

అపోహ: దోమ ఒకళ్ళ రక్తం పీల్చి ఇంకొకళ్ళకి ఎక్కిస్తుంది.

వాస్తవం: ఎక్కించదు. దాని మూతిలో దారులు రెండు, ఒకదాంట్లోంచి దాని లాలాజలం మన ఒంట్లోకి వస్తుంది, రెండోదాంట్లోంచి మన రక్తం దాని పొట్టలోకి పోతుంది, పోయిన రక్తం వెనక్కి రాదు. దోమ వల్ల ఎయిడ్స్ రాకపోవడానికి కారణం కూడా ఇదే, ఆ వైరస్ దోమ కణాల్లో పెరగలేదు, రక్తంతో పాటే అరిగిపోతుంది. మలేరియా క్రిమి మాత్రం పొట్ట గోడ దాటుకుని లాలాజల గ్రంథుల దాకా చేరగలదు, తేడా అంతా అక్కడే ఉంది.

అపోహ: మలేరియా ఉన్న మనిషిని కుట్టిన దోమ మర్నాడే పక్కింట్లో కుడితే వాళ్ళకీ వచ్చేస్తుంది.

వాస్తవం: ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా పనంతా ఈ మధ్యలో జరిగేదాని గురించే. దోమ తన ఒంటి బరువంత రక్తం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే తాగేస్తుంది. తాగిన కాసేపటికే పొట్ట గోడ కణాలు ఎంజైములు వదలడం మొదలుపెడతాయి, అందులో ముఖ్యమైనది ట్రిప్సిన్, మన క్లోమంలోంచి వచ్చేదానికి చుట్టమే. అది ప్రోటీన్‌ని ఎక్కడపడితే అక్కడ కొయ్యదు, లైసిన్, ఆర్జినిన్ అనే అమినో ఆమ్లాలు ఉన్నచోటే కోస్తుంది, ఆ ముక్కల్ని తర్వాత అమినోపెప్టిడేజ్ ఒక చివర నుంచి, కార్బాక్సీపెప్టిడేజ్ ఇంకో చివర నుంచి ఒక్కొక్కటిగా తెంపుతాయి. ట్రిప్సిన్ పని బాగా పుంజుకునేది దాదాపు ఒక రోజు గడిచాక, రెండు మూడు రోజుల్లో రక్తం మొత్తం అరిగిపోతుంది.

చలికి మత్తెక్కిన దోమని సెలైన్ చుక్కలో పెట్టి, మైక్రోస్కోప్ కింద రెండు సూదులతో తోక చివర పట్టుకుని మెల్లగా లాగితే పొట్ట మొత్తం జారి బయటికొస్తుంది. ఒక రోజు క్రితం రక్తం తాగిన దోమ అయితే ఆ పొట్ట నేరేడు పండు రంగులో ఉబ్బి ఉంటుంది, గోడని చీల్చినా లోపలి రక్తం కారిపోదు, ముద్దలా ఒక సన్నటి సంచిలో మిగులుతుంది. ఆ సంచి కైటిన్ అనే పదార్థంతో అల్లింది, ఫిషింగ్ హార్బర్ దగ్గర కుప్పలుగా పడి ఉండే రొయ్య పెంకుల్లో ఉండేది కూడా అదే. ఆ పొట్టని నూరి, ట్రిప్సిన్ కోసే ఒక పదార్థం కలిపితే రంగులేని ద్రావణం కళ్ళ ముందే నిమ్మకాయ పసుపుకి తిరుగుతుంది, పసుపు ఎంత చిక్కగా ఉంటే ట్రిప్సిన్ అంత పని చేస్తున్నట్టు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా ఆ రంగు తిరిగే నిమిషంలో నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మలేరియా క్రిమి ఈ గొడవ మధ్యలోనే ఉంటుంది. పొట్టలోకి వచ్చిన పావుగంటలోపే ఆడ, మగ రూపాలు విచ్చుకుంటాయి, కలుస్తాయి, ఒక రోజు అయ్యేసరికి పురుగులా కదిలే ఊకినీట్ తయారవుతుంది, అంటే సరిగ్గా ట్రిప్సిన్ ఉధృతంగా ఉండే వేళకే అది సంచిని దాటి గోడలోకి దూరాలి. చాలావరకు అక్కడే చచ్చిపోతాయి, వేలల్లో వచ్చినవాటిలో గోడ అవతల గూడు కట్టేవి చాలాసార్లు పదికి లోపే. కానీ ఒక్కో గూడులో మళ్ళీ వేల పిల్లలు తయారవుతాయి, అవి లాలాజల గ్రంథులకి చేరడానికి మన ఊళ్ళ వేడిలో పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి మర్నాడు కుట్టిన దోమ ఆ మలేరియాని ఇవ్వలేదు, రెండు వారాలు బతికిన ముసలి దోమే ప్రమాదం, చాలా దోమలు అంతకాలం బతకవు కూడా. ఆ గూళ్ళని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీదే చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది ఆ పనికే.

అపోహ: దోమ ఎంజైములు క్రిమికి శత్రువులు, వాటిని పెంచితే మలేరియా పోతుంది.

వాస్తవం: సగమే నిజం. సంచిలో చిక్కుకున్న ఊకినీట్ బయటపడాలంటే కైటిన్‌ని కోసే తన సొంత ఎంజైము కావాలి. కోళ్ళ మలేరియా క్రిమిలో ఆ ఎంజైముకి ఒక మూత ఉంటుంది, ఆ మూత తీసేది దోమ ట్రిప్సినే అని 1990లలో తేలింది, అంటే ఇంటివాళ్ళ తాళంచెవితోనే దొంగ తలుపు తీసుకున్నట్టు. ట్రిప్సిన్‌ని ఆపే మందు రక్తంలో కలిపి తాగిస్తే గోడ మీద గూళ్ళు కట్టలేదు. అయితే దీన్ని తీసుకెళ్ళి మనుషుల మలేరియాకి యథాతథంగా అంటగట్టకూడదు, మనుషులకి ప్రమాదకరమైన మలేరియా తెచ్చే ఫాల్సిపారం క్రిమిలో ఆ ఎంజైముకి అసలు మూతే ఉండదు. ఈ విషయం చెప్పకుండా "దోమ పొట్టలోనే మలేరియాకి మందు" అని రాసేసే వార్తలు చూస్తే నాకు బాధేస్తుంది. ఇప్పుడు గట్టిగా ప్రయత్నం జరుగుతున్నది వేరే దారిలో, దోమ పొట్ట గోడ మీదుండే ఒక అమినోపెప్టిడేజ్‌కి మన రక్తంలో యాంటీబాడీలు పుట్టిస్తే అవి రక్తంతో పాటు దోమలోకి వెళ్ళి క్రిమిని గోడకి అంటుకోనివ్వవు అని. ఇంకా జనానికి అందేదాకా రాలేదు.

అపోహ: రక్తం దోమకి అన్నం లాంటిది.

వాస్తవం: అన్నం పువ్వుల తేనె. రక్తంలోని ప్రోటీన్ ముఖ్యంగా గుడ్ల కోసం, అందుకే మగదోమ కుట్టదు.

అపోహ: తాగేటప్పుడు వెనక నుంచి ఎర్ర చుక్క వదిలితే అది రోగం ఉన్న దోమ.

వాస్తవం: కాదండి, అనాఫిలిస్‌లు మామూలుగానే అలా చేస్తాయి, నీళ్ళు బయటికి తోసేసి ఎర్ర కణాల్ని పొట్టలో కుక్కుకుంటాయి.

అపోహ: పొట్టలో రక్తం ఉంటే చాలు, మనిషిదో గేదెదో ల్యాబ్‌లో ఎప్పుడైనా చెప్పేస్తారు.

వాస్తవం: చెప్పలేం, ఎంజైములు మా కోసం ఆగవు. పల్లెల్లో తెల్లవారుజామునే టార్చి పట్టుకుని పశువుల శాలల్లో గోడల మీద వాలిన దోమల్ని గొట్టంతో పీల్చి పడతాం, ఒకటి ఒకటిన్నర రోజు దాటితే ఆ రక్తం గుర్తుపట్టలేనంతగా ముక్కలైపోతుంది, టెస్టుకి ఏమీ మిగలదు. అందుకే ఆ రోజు ఎవ్వరం టిఫిన్‌కి కూడా ఆగం.

అపోహ: మలేరియా దోమలు మురుగు గెడ్డల్లో పుడతాయి, పురుగులున్న నీళ్ళు తాగితే మలేరియా వస్తుంది.

వాస్తవం: గెడ్డల్లో పుట్టేవి ఎక్కువగా క్యూలెక్స్ అనే వేరే జాతి దోమలు, మన ఊళ్ళో మలేరియా మోసే స్టీఫెన్సై అనే అనాఫిలిస్ రకం మూత లేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, సంపుల్లో, కట్టుబడి పనుల దగ్గర నిలవ నీళ్ళలో పెరుగుతుంది. పాడేరు, అరకు వైపు అయితే కొండ వాగుల్లో పెరిగే ఫ్లూవియాటిలిస్. మధురవాడ వైపు ఒక సైటులో వాచ్‌మన్ నన్ను అడిగాడు, "ఏటమ్మా, ఈ ట్యాంకు నీళ్ళు తాగితేనేనా జొరం వచ్చేది" అని. గ్లాసులో నీళ్ళు పట్టి చూపించాను, నీటి మీద అడ్డంగా పడుకుని ఉన్నవి అనాఫిలిస్ పిల్లలు, తలకిందులుగా వేలాడేవి వేరే జాతి. తల్లిదోమ నుంచి గుడ్లకి మలేరియా రాదు, కాబట్టి ఆ పిల్లల్లో క్రిమి ఉండదు, అవి పెద్దవై మలేరియా ఉన్న మనిషిని కుట్టాకే కథ మొదలవుతుంది.

ఆ ట్యాంకులో బీటీఐ వేస్తామంటే అది విషం కదా అని భయపడ్డాడు. బీటీఐ ఒక బ్యాక్టీరియా చేసే ప్రోటీన్ పలుకు, దోమ పిల్ల పొట్టలో పీహెచ్ పదికి పైనే, అంటే గట్టి క్షారంగా ఉంటుంది కాబట్టి అక్కడ కరుగుతుంది, ఆ పిల్ల అరుగుదల ఎంజైములే దాన్ని కోసి పనిలోకి దింపుతాయి, పొట్ట గోడకి చిల్లులు పడి ఒక రోజులోనే చచ్చిపోతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, అక్కడ అది అలా పని చెయ్యదు. ప్యూపా, అంటే పిల్లకీ దోమకీ మధ్య దశ, ఏమీ తినదు కాబట్టి దాని మీదా పని చెయ్యదు, అందుకే ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు, ట్యాంకుకి మూత కూడా వెయ్యాలి.

అపోహ: జ్వరం తగ్గింది కదా, మిగతా మాత్రలు ఎందుకు.

వాస్తవం: జ్వరం తగ్గాక కూడా దోమ పొట్టలో విచ్చుకునే ఆ రూపాలు ఫాల్సిపారం వచ్చినవాళ్ళ రక్తంలో తిరుగుతూనే ఉంటాయి, వాటిని చంపడానికే ప్రైమాక్విన్ ఒక్క డోసు ఇస్తారు. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా అయితే కాలేయంలో నిద్రపోయే క్రిమి కోసం అదే ప్రైమాక్విన్ 14 రోజులు, మధ్యలో ఆపకూడదు. గర్భిణులు ప్రైమాక్విన్ వేసుకోకూడదు, జీ6పీడీ (ఎర్ర కణాల్ని కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా వేసుకోకూడదు, మిగతావాళ్ళు కూడా ఖాళీ కడుపుతో వేసుకోకండి, ఏదన్నా తిన్నాకే వేసుకోండి.