కొత్త సీఎంఎస్‌లోకి పాత సైట్లు: చిక్కుముడి ఎక్కడ పడింది

వెబ్‌సైట్ పేజీలను రాసి, దాచి, చూపించే సాఫ్ట్‌వేర్ అయిన కొత్త కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను (సీఎంఎస్) సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి గంట కూడా పట్టదు. ఒక సంస్థ పాత వెబ్‌సైట్లను అందులోకి తరలించడానికి మాత్రం నెలలు పడుతుంది, పెద్ద సంస్థలకైతే ఏళ్లు. డిజైన్ పూర్తయి, సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాక కూడా పని పాత పేజీల దగ్గరే ఆగిపోతుంది. దీనికి కారణం కొత్త సాఫ్ట్‌వేర్‌లో వెతికితే దొరకదు. 1990ల నుంచి ఒక్కో తరం సాఫ్ట్‌వేర్ పేజీలను ఒక్కో పద్ధతిలో దాచుకుంటూ వచ్చింది. ఆ పద్ధతుల ఆనవాళ్లన్నీ ఇప్పటి డేటాబేసుల్లో ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. తరలింపు మొదలుపెట్టే దాకా అవి ఎవరి కంటా పడవు.

మొదట్లో సైట్ అంటే ఫైళ్లే. 1993 ఏప్రిల్ 30న యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ వెబ్ సాంకేతికతను అందరికీ ఉచితంగా ఇచ్చేసిన తర్వాత సంస్థలు సొంత సైట్లు పెట్టుకోవడం మొదలైంది. ఒక్కో పేజీ ఒక్కో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఫైలు. ఫోల్డర్ పేరు, ఫైలు పేరు కలిపితే అదే దాని చిరునామా. మైక్రోసాఫ్ట్ 1996లో కొన్న ఫ్రంట్‌పేజ్, 1997లో మాక్రోమీడియా తెచ్చిన డ్రీమ్‌వీవర్ పుణ్యమా అని హెచ్‌టీఎంఎల్ రాని ఉద్యోగులు కూడా పేజీలు తయారు చేయగలిగారు. అయితే మెనూ, ఫుటర్, రంగులు, ఫాంట్లు అన్నీ ప్రతి ఫైలులోనూ విషయంతో కలిసిపోయి ఉండేవి. పేజీని నిలువు వరుసలుగా విడదీయడానికి టేబుల్ ట్యాగులు వాడేవారు. అలాంటి సైట్‌ను ఇప్పుడు తరలించాలంటే ప్రతి ఫైలులో అసలు విషయం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్క్రిప్టుకు (తరలింపు పని చేసే చిన్న ప్రోగ్రాముకు) చెప్పాలి. ఒక విభాగంలో పనిచేసిన నియమం ఇంకో విభాగంలో పనిచేయదు. నియమం తప్పితే మెనూ లింకులు వ్యాసం మధ్యలోకి వచ్చి పడతాయి.

ఆ కాలం నుంచి మిగిలిన ఇంకో చిక్కు చాలా ప్రాజెక్టుల్లో ఆఖరి వారంలో గానీ బయటపడదు. విండోస్ సర్వర్ మీద నడిచిన సైట్‌లో చిరునామాను పెద్ద అక్షరాలతో టైపు చేసినా, చిన్న అక్షరాలతో టైపు చేసినా ఒకే పేజీ వచ్చేది. లైనక్స్ సర్వర్‌కు అవి రెండు వేరువేరు చిరునామాలు. ఏళ్ల తరబడి ఉద్యోగులు తోచినట్టు రాసుకున్న లింకుల్లో చాలా భాగం సర్వర్ మారిన రోజే 404 (పేజీ దొరకలేదు) చూపిస్తాయి. పాత చిరునామాను కొత్తదానికి మళ్లించే రీడైరెక్ట్ జాబితాతో పోల్చేటప్పుడు చిరునామాలన్నింటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చమని ముందే రాసుకుంటే ఈ ముప్పు తప్పుతుంది.

పేజీలను అప్పటికప్పుడు తయారుచేసే పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ రెండూ 1995లోనే మొదలయ్యాయి. విగ్నెట్ లాంటి ఖరీదైన సీఎంఎస్‌లు అప్పట్లో పెద్ద ప్రచురణ సంస్థలకే అందేవి. 2001 జనవరిలో ద్రుపల్, 2003 మే 27న వర్డ్‌ప్రెస్, 2005లో మాంబో నుంచి విడిపోయి జూమ్లా అనే ఉచిత సీఎంఎస్‌లు వచ్చాక, డేటాబేస్‌లో విషయం, టెంప్లేట్‌లో రూపం అనే పద్ధతి చిన్న సంస్థలకూ చేరింది. ఇది పెద్ద మేలు. దాంతోపాటే ఇవాళ్టి తరలింపుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సమస్యకూ అక్కడే బీజం పడింది. పేజీ చిరునామా కాస్తా డేటాబేస్ వరుస నంబరు అయిపోయింది. చిరునామా చివర ప్రశ్నార్థకం, ఆ పక్కన ఐడీ, దానికో నంబరు. కొత్త వ్యవస్థలో అదే పేజీకి వేరే నంబరు పడుతుంది. పాత నంబరుకూ కొత్త చిరునామాకూ పొంతన చూపే పట్టిక తయారు చేసుకోకపోతే బయటి సైట్లు, పుస్తకాలు, కోర్టు పత్రాలు, ఈమెయిళ్లు ఇచ్చిన లింకులన్నీ ఒక్క రాత్రిలో తెగిపోతాయి.

పట్టిక ఉన్నా పొరపాటు జరిగే చోటు ఇంకొకటి ఉంది. అపాచీ సర్వర్‌లో మామూలు రీడైరెక్ట్ ఆదేశం ప్రశ్నార్థకం ముందున్న భాగాన్నే సరిపోలుస్తుంది, తర్వాత ఉన్న నంబరును పట్టించుకోదు. అందుకని వేల నంబర్లకు వేల ఆదేశాలు రాసినా ఒక్కటీ పనిచేయదు. రీరైట్ మాడ్యూల్‌లో క్వెరీ స్ట్రింగ్‌ను (ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని) విడిగా పరీక్షించే షరతు రాయాలి. జాబితా పెద్దదైతే రీరైట్ మ్యాప్ ఫైలు పెట్టుకోవాలి, లేదా ఆ పట్టికను సీఎంఎస్ రీడైరెక్ట్ మాడ్యూల్‌లోకే ఎక్కించాలి.

చిరునామాలు మారకూడదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. ఫైలు ఎక్స్‌టెన్షన్, వాడుతున్న సాఫ్ట్‌వేర్ జాడ, పత్రం స్థితి లాంటివి చిరునామాలో పెట్టొద్దని, అవన్నీ మారిపోయేవేనని వివరంగా చెప్పారు. ఆ మాట విన్నవాళ్లు తక్కువ. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. వాటిలో ఎన్ని సీఎంఎస్ మార్పుల వల్ల పోయాయో ఆ లెక్క చెప్పదు. కానీ రీడైరెక్ట్ పట్టిక లేకుండా జరిగిన ప్రతి తరలింపూ ఆ రాశిలోకి కొన్ని పేజీలను చేర్చినట్టే.

అక్షరాల సంగతి ఇంగ్లిష్ కాని భాషల సైట్లకు మరీ ముఖ్యం. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0 వెర్షన్ వచ్చే వరకు అప్రమేయ అక్షర సమితి (ఏమీ చెప్పకపోతే వాడే అక్షరాల పట్టిక) లాటిన్-1, అంటే పశ్చిమ ఐరోపా భాషలది. పాత ప్రోగ్రాములు అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 అక్షరాలను పంపిస్తే డేటాబేస్ వాటిని లాటిన్-1 అనుకుని దాచుకునేది. చదివేటప్పుడూ అదే పొరపాటు జరిగేది కాబట్టి తెర మీద అంతా సరిగ్గానే కనిపించేది. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. కొత్త వ్యవస్థ ఆ డేటాబేస్‌ను సరైన పద్ధతిలో చదవగానే ఆ మూడు బైట్లూ మూడు పిచ్చి గుర్తులుగా విడిపోతాయి. కాలమ్ రకాన్ని నేరుగా యూటీఎఫ్-8కి మారిస్తే తప్పు రెట్టింపవుతుంది. ముందు కాలమ్‌ను ఏ అక్షర సమితీ లేని బైనరీ రకంలోకి మార్చి, అక్కణ్నుంచి యూటీఎఫ్-8గా ప్రకటించాలి. కొన్ని వరుసలు సరిగ్గానూ కొన్ని తప్పుగానూ ఉన్న టేబుల్ అయితే ఈ పద్ధతీ పనికిరాదు, వరుసవారీగా పరీక్షించి మార్చాల్సిందే.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అన్న పేరుతో ఉన్నది మూడు బైట్ల వరకే దాచగలదు. నాలుగు బైట్ల అక్షరాల కోసం యూటీఎఫ్8ఎంబీ4 అనే కొత్త సమితి 2010లో 5.5.3 వెర్షన్‌తో వచ్చింది. పాత సమితిలో, కఠిన నియమాలు అమల్లో లేని సర్వర్ మీద, వ్యాసంలో ఎమోజీ వస్తే అక్కడి నుంచి మిగతా పాఠమంతా తెగిపోయేది. అలా పోయిన భాగం ఏ తరలింపులోనూ తిరిగి రాదు, పాత ప్రింటు కాపీల్లోనో వెబ్ ఆర్కైవ్‌లోనో వెతుక్కోవాలి.

వీటన్నింటికీ ఏదో ఒక సాంకేతిక మందు ఉంది. మందు లేని సమస్య ఒకటుంది: పేజీ మొత్తాన్ని ఒకే పెట్టెలో రాయడం. 2000ల మధ్యలో టైనీఎంసీఈ, ఎఫ్‌సీకే లాంటి ఎడిటర్లు సీఎంఎస్‌లలోకి వచ్చాయి. వర్డ్ ఫైలులో రాసుకున్నది యథాతథంగా అతికించే అలవాటు మొదలైంది. తేదీ, వేదిక, ఫోన్ నంబరు, ఫొటో, పట్టిక అన్నీ ఒకే బాడీ ఫీల్డులో చేరిపోయాయి. వర్డ్‌ప్రెస్ 2008లో 2.5 వెర్షన్‌తో షార్ట్‌కోడ్‌లను తెచ్చింది. చతురస్ర బ్రాకెట్లలో చిన్న మాట రాస్తే ఫొటో గ్యాలరీ వచ్చేది. ఆ మాటను అర్థం చేసుకునే కోడ్ కొత్త వ్యవస్థలో ఉండదు కనక, తరలించాక పాఠకుడికి గ్యాలరీ బదులు బ్రాకెట్లు కనిపిస్తాయి.

ఇదే కాలంలో సీఎంఎస్‌లు ఇంకో దారి కూడా పట్టాయి. 2010లో వర్డ్‌ప్రెస్ 3.0 సొంత రకాల పోస్టులను సృష్టించుకోవడాన్ని సులువు చేసింది, 2011 జనవరిలో ద్రుపల్ 7 ఫీల్డులను (విడి గడులను) కోర్‌లోకి, అంటే మూల సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చింది. ఉద్యోగి వివరాలకు ఒక రకం, కార్యక్రమానికి ఒక రకం, ప్రకటనకు ఒక రకం, ఒక్కోదానికీ విడి గడులు. ఇవాళ కొనే చాలా సీఎంఎస్‌లు ఇలా విడగొట్టిన సమాచారాన్నే అడుగుతాయి. పాత సైట్ ఇచ్చేదేమో ఒకే ముద్ద. కార్యక్రమం తేదీ మూడో పేరాలో ఒక వాక్యం మధ్యలో ఉంటుంది, సంవత్సరం అసలు రాసే ఉండదు. దాన్ని తేదీ గడిలోకి స్క్రిప్టు చేర్చలేదు. మనిషి చదివి నింపాలి. తరలింపు షెడ్యూళ్లు తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే. సైట్‌లో మొత్తం ఎన్ని పేజీలున్నాయన్నది అంచనాకు పనికిరాని సంఖ్య. ఎన్ని పేజీలను మనిషి చదవాలన్నదే అసలు కొలత. ఒక్కో విభాగం నుంచి ఇరవై ముప్పై పేజీలను ముందే తీసి, చేత్తో మార్చి చూసి, పేజీకి పట్టిన నిమిషాలు లెక్కగట్టకుండా ఒప్పందంలో గడువు తేదీ రాయకూడదు.

ఇంత కష్టమైతే పాతదాన్ని అలాగే ఉంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. చాలా సంస్థలు చేసిందీ అదే. 2014 అక్టోబర్ 15న ద్రుపల్ 7లో ఒక తీవ్రమైన ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (బయటివాళ్లు డేటాబేస్‌కు ఆదేశాలు పంపగలిగే) లోపం వెల్లడైంది. ప్రకటన వెలువడిన ఏడు గంటల్లోగా ప్యాచ్ (సవరణ) వేయని ప్రతి సైట్‌లోకీ ఎవరో చొరబడ్డారనే భావించాలని ద్రుపల్ భద్రతా బృందం చెప్పాల్సి వచ్చింది. 2018 మార్చి 28న మరో పెద్ద లోపం బయటపడింది. ఈలోగా 2015 నవంబర్‌లో వచ్చిన ద్రుపల్ 8 సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ భాగాల మీద కొత్తగా కట్టినది. 7 నుంచి 8కి అప్‌గ్రేడ్ లేదు, కొత్త సైట్ కట్టి విషయాన్ని తరలించుకోవాల్సిందే. ఆ భారం మోయలేక ఆగిపోయిన సైట్లు ఎన్నో ఉండటంతో ద్రుపల్ 7 మద్దతు గడువును పలుమార్లు పొడిగించి, చివరికి 2025 జనవరి 5న ముగించారు. జూమ్లా 3కి 2023 ఆగస్టులోనే మద్దతు ఆగింది. సీఎంఎస్‌ను కదపకపోయినా కింద ఉన్నవి కదులుతూనే ఉంటాయి. పీహెచ్‌పీ 5.6కి 2018 చివరితో, 7.4కి 2022 నవంబర్‌తో భద్రతా సవరణలు నిలిచిపోయాయి. హోస్టింగ్ కంపెనీ పాత పీహెచ్‌పీని తీసేసిన రోజున సైట్ ఖాళీ తెల్ల పేజీ చూపిస్తుంది. అప్పుడు చేసే తరలింపుకు నెలల వ్యవధి ఉండదు.

కావాలని, ప్రణాళికతో చేసిన పెద్ద తరలింపుల్లో బ్రిటన్ ప్రభుత్వానిది ఎక్కువగా చదువుకోదగ్గది. 2012 అక్టోబర్ 17న గవ్ డాట్ యూకే మొదలై, డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు పెద్ద సైట్ల స్థానంలో నిలిచింది. తర్వాతి రెండేళ్లలో మంత్రిత్వ శాఖల సైట్లు, 300కు పైగా ఇతర సంస్థల సైట్లు అందులో కలిశాయి. అక్కడ నేర్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి కాదు. ప్రజలకు ఏ అవసరమూ తీర్చని పేజీలను కొత్త సైట్‌లోకి తేలేదు. అలాగని పాత చిరునామాలను గాలికి వదల్లేదు. కొత్త పేజీ ఉంటే దానికి, లేకపోతే నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరిచిన పాత ప్రతికి దారి చూపారు. తీసేయడానికి ధైర్యం చాలక చెత్తంతా మోసుకొచ్చే సంస్థలకు ఈ రెండో భాగమే జవాబు.

పాత చిరునామాల జాబితాను ఎక్కడి నుంచి తీయాలన్న దాంట్లో చాలామంది పొరబడతారు. సీఎంఎస్ ఇచ్చే సైట్‌మ్యాప్‌లో (పేజీల జాబితాలో) మెనూలో లేని పీడీఎఫ్‌లు సాధారణంగా ఉండవు. లింకుల వెంట తిరిగి పేజీలను సేకరించే క్రాలర్‌తో తీస్తే ఏ పేజీ నుంచీ లింకు లేని పాత పేజీలు దొరకవు. కనీసం ఏడాది సర్వర్ లాగులు (ఏ పేజీలను అడిగారో రాసుకున్న చిట్టాలు), సైట్‌మ్యాప్, క్రాలర్ ఫలితం, గూగుల్ సెర్చ్ కన్సోల్ జాబితా నాలుగూ కలిపి, నకళ్లు తీసేస్తే వచ్చేదే అసలు జాబితా. దారి కనిపించని పాత చిరునామాలన్నింటినీ హోమ్‌పేజీకి మళ్లించడం పరిష్కారం కాదు, గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా, అంటే లేని పేజీలుగా లెక్కిస్తుంది. కావాలని తీసేసిన పేజీకి 410 (శాశ్వతంగా తీసేశాం) ఇవ్వడం నిజాయితీ. గతంలో ఒకసారి తరలించిన సైటైతే అప్పటి రీడైరెక్ట్‌లను కూడా తవ్వి తీసి, మొదటి చిరునామా నుంచి నేరుగా ఇప్పటి చిరునామాకు కలపాలి. లేకపోతే ఒక్కో తరలింపుతో గొలుసు పొడుగవుతూ పోయి ఎక్కడో తెగుతుంది. 301 (శాశ్వత మార్పు) రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచాలన్నది గూగుల్ సలహా. పుస్తకాల్లో, తీర్పుల్లో అచ్చయిన చిరునామాకు ఏడాది చాలదు. ఆ రీడైరెక్ట్‌లను తీసేయడానికి కారణమేమీ లేదు.

తరలింపు స్క్రిప్టును ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం రావాలి. ద్రుపల్ మైగ్రేట్ మాడ్యూల్ పాత ఐడీకి ఏ కొత్త ఐడీ వచ్చిందో ఒక మ్యాప్ టేబుల్‌లో రాసుకుంటుంది. అందువల్ల వెనక్కి తిప్పడం, కొత్తగా చేరిన పేజీలను మాత్రమే తేవడం కుదురుతుంది. సొంతంగా రాసే స్క్రిప్టులోనూ ఈ టేబుల్ తప్పనిసరి. వర్డ్‌ప్రెస్‌లో డొమైన్ పేరు మార్చేటప్పుడు ఎస్‌క్యూఎల్ ఫైలులో నేరుగా మాట మార్చకూడదు. చాలా సెట్టింగులు సీరియలైజ్ చేసిన రూపంలో ఉంటాయి, ప్రతి పదం పక్కనే దాని పొడవు రాసి ఉంటుంది. పేరు పొడవు మారితే ఆ సెట్టింగు మొత్తం చదవడానికి వీలుకాదు. వర్డ్‌ప్రెస్ ఆదేశాల పరికరం డబ్ల్యూపీ-సీఎల్‌ఐలోని సెర్చ్-రీప్లేస్ ఆదేశం ఈ పొడవును కూడా సరిదిద్దుతుంది. ప్రచురణ తేదీలను ఫీల్డుల జాబితాలో చేర్చకపోతే పదిహేనేళ్ల నాటి ప్రకటనలన్నీ తరలించిన రోజు తేదీతో వార్తల్లోకి ఎక్కుతాయి. లాగిన్ వెనక ఉన్న ఫైళ్లను మామూలు ఫైళ్లతో కలిపి కాపీ చేస్తే అంతర్గత పత్రాలు బయటపడతాయి.

మార్పు రోజుకు కనీసం రెండు రోజుల ముందు డీఎన్‌ఎస్ రికార్డుల (సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవాటి) టీటీఎల్‌ను, అంటే పాత జవాబును గుర్తుంచుకునే వ్యవధిని, 86,400 సెకన్ల నుంచి 300కి తగ్గించాలి. నేమ్‌సర్వర్లనే మార్చే పక్షంలో ఎంఎక్స్ రికార్డులను (మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాటిని) కొత్తచోట ముందే రాసి ఉంచాలి, లేకపోతే సైట్ బాగానే వచ్చినా సంస్థకు ఈమెయిళ్లు ఆగిపోతాయి. టెస్ట్ సైట్‌ను సెర్చ్ ఇంజిన్లకు కనపడకుండా పెట్టిన నోఇండెక్స్ ట్యాగును అసలు సైట్‌లో తీయడం మరిస్తే, కొన్ని వారాల్లో పేజీలు సెర్చ్ ఫలితాల్లోంచి జారిపోతాయి. ఎవరైనా ఫిర్యాదు చేసే దాకా అది తెలియదు.

ఇప్పుడు కట్టేవాటిలోనూ రేపటి చిక్కులు తయారవుతున్నాయి. 2018 డిసెంబర్‌లో వర్డ్‌ప్రెస్ 5.0తో వచ్చిన బ్లాక్ ఎడిటర్ ఒక్కో బ్లాకు అమరికలను హెచ్‌టీఎంఎల్ కామెంట్ల రూపంలో పాఠంలోనే దాస్తుంది. పేజ్ బిల్డర్ ప్లగిన్లు (పేజీని అమర్చుకునే అదనపు భాగాలు) ఎవరి పద్ధతిలో వాళ్లు దాస్తున్నాయి. రూపాన్ని వదిలి విషయాన్ని మాత్రమే చూసుకునే, అద్దెకు దొరికే హెడ్‌లెస్ సీఎంఎస్‌లు విషయాన్ని శుభ్రంగా గడుల్లో ఉంచుతాయి గానీ, డేటాబేస్ మన సంస్థ చేతిలో ఉండదు, వెండర్ ఇచ్చే ఏపీఐ (సమాచారం తీసుకునే దారి) నుంచి ఎంత వస్తే అంతే. ఒప్పందం మీద సంతకం చేసే ముందే ట్రయల్ ఖాతాలో యాభై పేజీలు పెట్టి, వాటిని మొత్తంగా ఎగుమతి చేయించి చూడాలి. ఫొటోల ప్రత్యామ్నాయ పాఠం, పాత కూర్పులు, పేజీల మధ్య సంబంధాలు, రీడైరెక్ట్ పట్టిక ఆ ఫైలులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. లేనివాటిని ఒప్పందంలో పేరుపేరునా రాయించుకోవాలి.