కోలార్ గనుల నుంచి మా వీధి చివరి దాకా

పొద్దున్నే ఆరున్నరకు మా వీధి చివర, వీధులు ఊడ్చే పౌరకార్మికులకు హాజరు వేసే చోట నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ గట్టిగానే వినబడుతుంది. బెంగళూరు ఊడ్చేవాళ్లలో రాయలసీమ మూలాలున్న దళిత కుటుంబాల ఆడవాళ్లు చాలామంది. 2025 మే డే నాడు 12,692 మందికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పర్మనెంట్ ఉద్యోగ పత్రాలు ఇచ్చారు. దాన్ని ప్రభుత్వం దయ అంటే నేను ఒప్పుకోను. దాని వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది.

ఆ కథకు మొదలు ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనుల్లో ఉంది. పారిశుద్ధ్య కార్మికుల కోసం పోరాడిన బెజవాడ విల్సన్ పుట్టింది అక్కడి తెలుగు దళిత కుటుంబంలోనే. గని కాలనీల్లో నీళ్లు పోసే ఏర్పాటు లేని పొడి మరుగుదొడ్ల మలాన్ని తన వాళ్లే చేతుల్తో ఎత్తిపోయడం ఆయన కళ్లారా చూశాడు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చినా కాగితం దాటలేదు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారి అండతో విల్సన్ ‘సఫాయి కర్మచారి ఆందోళన్’ అనే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమం మొదలుపెట్టాడు. బస్తీల్లో దుప్పట్లు పంచే సంఘాలకు కొదవలేదు. వీళ్లు మాత్రం చట్టం చేతబట్టుకుని, దీనికి జవాబుదారీ ఎవరని అడిగారు.

2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే, మా దగ్గర అసలు ఆ పనే లేదని ప్రభుత్వాలు బుకాయించాయి. కార్యకర్తలు వీధి వీధీ తిరిగారు. ఒక్కో దొడ్డి ఫొటో తీశారు, దాన్ని శుభ్రం చేసే మనిషి పేరు రాసుకున్నారు, అన్నీ కోర్టు ముందు పెట్టారు. నా దృష్టిలో అసలు పోరాటం అదే. ఆ పనిని నిషేధిస్తూ 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 తర్వాత మ్యాన్‌హోళ్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో కోర్టు తీర్పు చెప్పింది. 2023లో ఆ మొత్తం ముప్పై లక్షలైంది.

బెంగళూరు పౌరకార్మికుల సంఘం కూడా కాగితాలే అడిగింది: జీతం చీటీ, పీఎఫ్ లెక్క, హాజరు పుస్తకం. కాంట్రాక్టర్ చేతిలో పెట్టిందే జీతమన్న రోజులవి. 2018లో జీతం నేరుగా బ్యాంకులో పడటం మొదలైంది. 2022 జూలైలో పని ఆపేసి బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో ధర్నాకు కూర్చున్నాక పర్మనెంట్ మాట వచ్చింది.

మా వీధి ఊడ్చే అక్క తన పర్మనెంట్ ఆర్డరును రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. వాళ్లబ్బాయి చెత్త ఆటోలో హెల్పరు. అతనికి ఇంకా జీతం చీటీ లేదు.