రాగి పెన్నీ గ్రేడు ఊహించడం: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పాత బ్రిటిష్ రాగి పెన్నీ ఫోటో చూసి, నాణెం ఎంత బాగుందో తేల్చే గ్రేడింగ్ కంపెనీ దానికి ఎంత గ్రేడు ఇచ్చి ఉంటుందో ఎలా ఊహించాలని అడిగారు. నాకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

గ్రేడును అంకెల్లో చెబుతారు, ముందు ఆ అంకెల సంగతి. అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం పెట్టాడు. 70 గ్రేడు నాణెం 1 గ్రేడు నాణేనికి 70 రెట్లు ధర పలకాలన్నది ఆయన లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది గానీ అంకెలు నిలిచిపోయాయి. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు ఇప్పుడు ఏ దేశపు నాణేనికైనా ఆ అంకెలే ఇస్తాయి. నాణేన్ని ఒకరి తర్వాత ఒకరు నిపుణులు చూసి గ్రేడు తేల్చాక దాన్ని ప్లాస్టిక్ పెట్టెలో మూసేస్తారు. ఆ పెట్టెనే స్లాబ్ అంటారు. 60, ఆ పైన వస్తే అసలు వాడని నాణెం అని అర్థం. 50 నుంచి 58 దాకా ఉన్నవి కాస్తే చేతులు మారినవి. బ్రిటన్‌లో పాత పద్ధతి వేరు: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అంటూ మాటల్లో చెబుతారు. వాళ్లు కాస్త గట్టివాళ్లు. అక్కడ ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అనిపించుకున్న నాణేనికి అమెరికా స్లాబ్‌లో తరచు 50కి పైనే వస్తుంది.

ఇక నాణెం దగ్గరికి రండి. నేర్చుకోవడానికి 1797 పెన్నీని మించింది లేదు. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ తన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టించాడు. బరువు సరిగ్గా ఒక ఔన్సు, అంటే 28 గ్రాములకు పైనే. అడ్డం 36 మిల్లీమీటర్లు. రెండు పెన్నీల నాణెమైతే రెండు ఔన్సులు! అంచు వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది, అక్షరాలు అందులోకి దిగి ఉంటాయి. చూడటానికి బండి చక్రంలా ఉందని జనం దానికి కార్ట్‌వీల్ అని పేరు పెట్టారు. ఒకవైపు మూడో జార్జి తల, ఇంకోవైపు కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్ దేశానికి ప్రతీకగా వేసే స్త్రీ బొమ్మ), దూరంగా సముద్రం మీద ఒక ఓడ.

ఆ ఎత్తైన అంచు ఒక మేలు చేసింది, ఒక కీడు చేసింది. లోపలి బొమ్మను అరిగిపోకుండా కాపాడింది. కానీ నాణెం బరువైనది కాబట్టి కిందపడ్డప్పుడల్లా దెబ్బ అంచుకే తగిలింది. బొమ్మ చక్కగా ఉండి అంచు మాత్రం సొట్టలు పడిన కార్ట్‌వీల్స్ ఎన్నో కనిపిస్తాయి. అందుకని మొహం చూసి మురిసిపోకండి, అంచు చుట్టూ ఒకసారి చూపు తిప్పి రండి.

తర్వాత ఎత్తైన చోట్లు చూడండి. రాజు తలమీది లారెల్ ఆకులు, చెవి దగ్గర జుట్టు, భుజం మీది వస్త్రం మడతలు. బ్రిటానియా వైపు ఆమె తల, రొమ్ము, మోకాలు. చేతులు మారినప్పుడు ముందు అరిగేవి ఇవే. అయితే ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. నన్నడిగితే గ్రేడింగ్ విద్య అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది: ఆ చోటు అరిగిందా, లేక ముద్ర పడ్డప్పుడే అలా ఉందా?

రెంటికీ తేడా ఉంది. ముద్ర సరిగ్గా పడని చోట గీతలు స్పష్టంగా లేకపోయినా, లోహం మెరుపు చుట్టుపక్కల మెరుపుతో కలిసే ఉంటుంది. అరిగిన చోట ఆ మెరుపు తెగిపోతుంది, రంగు మారుతుంది. నాణెం చేతిలో ఉంటే ఒకే దీపం కింద మెల్లగా వంచి చూడండి. కాంతి నాణెం మీద జారినట్టు తిరుగుతూ బ్రిటానియా మోకాలి మీదకు రాగానే ఆగిపోయిందంటే, అది వాడిన నాణెం. 1695 నుంచి 1701 దాకా వచ్చిన మూడో విలియం హాఫ్‌పెన్నీల్లో నాసి పని చాలా కనిపిస్తుంది. వాటిని కార్ట్‌వీల్‌ను చూసే కంటితో చూస్తే అన్యాయం చేసినట్టే.

రంగు సంగతికొస్తే, రాగి కొత్తలో ఎర్రగా ఉండి క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది. పీసీజీఎస్ లెక్కలో కొత్త ఎరుపు 95 శాతం, ఆ పైన మిగిలి ఉంటే ఆర్‌డీ, 5 శాతం కూడా లేకపోతే బీఎన్, మధ్యలో ఉన్నవి ఆర్‌బీ. రెండు శతాబ్దాలు దాటిన నాణేలు కాబట్టి మీకు కనిపించేవి దాదాపు అన్నీ బీఎన్‌లే. గోధుమ రంగు లోపం కాదు, 65 బీఎన్ కూడా ఎంతో అందంగా ఉంటుంది. పైగా సోహోలో కొన్ని ప్రత్యేక ప్రతులకు తయారీలోనే గోధుమ రంగు పట్టించేవారు. వాటికి ఎమ్‌ఎస్ (మింట్ స్టేట్, అంటే వాడని మామూలు నాణెం) బదులు పీఆర్ లేదా పీఎఫ్ (ప్రూఫ్, అంటే ప్రత్యేక ప్రతి) అని వేస్తారు.

భయపడాల్సింది గోధుమ రంగుకు కాదు, అసహజమైన గులాబీ మెరుపుకు. మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోముతారు కదా, అలా ఎవరో తోమిన నాణెం అది. భూతద్దంలో చూస్తే సన్నటి గీతలు ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. దానికి అంకె రాదు, డీటెయిల్స్ అని మాత్రమే రాస్తారు. పచ్చని చిలుము తిన్నదానికీ చాలాసార్లు అదే గతి. దయచేసి, ఇంట్లో ఏ పాత నాణెం దొరికినా తోమకండి. ఒక్కసారి పోయిన పైపొర మళ్లీ రాదు.

మనకు దగ్గర సంబంధం ఉన్న నాణేలూ సోహోలోనే తయారయ్యాయి. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం 1794లో కొట్టించిన రాగి నాణెం మీద రూపాయికి 48 అని ఇంగ్లీషులో ఉంటుంది. మద్రాసుకు 1808 నాటి కాసు నాణేలు తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980లలో బయటికి తీసిన ఆ నాణేలు ఏ బజారూ చూడలేదు, కాబట్టి వాడకం వల్ల అరగలేదు. అయినా కొన్నింటి మీద ఉప్పునీళ్లు తిన్న గుంటలు ఉంటాయి. అరుగుదల లేకపోయినా పైపొర పాడైంది కాబట్టి గ్రేడు దెబ్బతింటుంది.

ఫోటో చూసేటప్పుడు ఇలా చేయండి. ముందు స్లాబ్ మీద గ్రేడు రాసి ఉన్న లేబుల్‌ను చెయ్యి పెట్టి దాచండి. వాడినదా, వాడనిదా తేల్చండి. తర్వాత 53 నుంచి 58 లోపు, 63 నుంచి 65 లోపు అన్నట్టు ఒక హద్దు గీసుకుని, కారణం రాసుకుని, అప్పుడు ఒక అంకె చెప్పండి. ఫోటోలో వెలుతురు సన్నటి గీతల్ని దాచేస్తుంది, అందుకని మీ అంకెకూ లేబుల్‌కూ ఒకటి రెండు తేడా వస్తే టెన్షన్ పడకండి. వాడిన నాణేన్ని వాడనిది అనుకుంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి చూడండి.

ఈ వారం 1799 హాఫ్‌పెన్నీలు చూడండి. వాటి మీద బ్రిటానియా వెనక ఉన్న ఓడకు ఫిరంగి కిటికీలు కొన్నింట్లో 5, కొన్నింట్లో 6, కొన్నింట్లో 9 ఉంటాయి. అసలేమీ లేని నున్నటి ఓడా ఉంది. అది కనిపించగానే అరిగిందని గ్రేడు తగ్గించకండి, ఆ అచ్చే అంత. ఓడ పక్కనున్న అలల్ని, బ్రిటానియా మోకాలిని చూసి, అప్పుడు మీ అంకె నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య