చిన్న ట్రాక్టరుకి సిమెంటు రోలర్: అపోహలు - వాస్తవాలు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఏటా వానాకాలంలో ఒక రకం బేరం వస్తుంది. భీమిలి వైపో ఆనందపురం వైపో తోట కొనుక్కుని, లాన్ పరిపించి, మినీ ట్రాక్టరు దింపుకున్నవాళ్లు. "మేస్త్రీ, వెనకాల తగిలించుకునే రోలరొకటి చేసిపెట్టు. ఏటుంది, డ్రమ్ములో కాంక్రీటు పోస్తే అయిపోద్ది కదా!" అంటారు. అలా అయిపోగొట్టినవి మరమ్మతుకి మా దగ్గరికే వస్తాయి. అందుకే ఈ రాత.

అపోహ: బరువు ఎంత ఎక్కువైతే లాన్ అంత బాగా కుదురుతుంది.

లాన్ రోలర్ పని రోడ్డు రోలర్ పని కాదు. కొత్తగా పరిచిన పచ్చిక వేర్లు కింద మట్టిని తాకేలా అదమాలి, వానకి పైకి లేచిన చిన్న చిన్న ఉబ్బుల్ని అణచాలి. అంతే. అంతకు మించి తొక్కితే మట్టిలో గాలి, నీరు ఆడే ఖాళీలు మూసుకుపోయి వాన నీళ్లు పైనే నిలుస్తాయి, గడ్డి పసుపు తిరుగుతుంది. సముద్రం దగ్గరి ఇసుక నేల కొంత ఓర్చుకుంటుంది గానీ బంకమన్ను ఓర్చుకోదు. క్రికెట్ పిచ్ మీద బరువైన రోలర్ తిప్పుతారు కదా అని అడుగుతారు. అక్కడ గట్టి నేలే కావాలి. అయినా ఆట మధ్యలో ఒక విడతకి 7 నిమిషాలు మించి తిప్పకూడదని రూలు.

లెక్క చూడండి. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత, 120 సెంటీమీటర్ల వెడల్పున్న రోలర్‌ని నిండా పోస్తే కాంక్రీటే 800 కిలోలు దాటుతుంది. 6 ఎం.ఎం. రేకు బరువు ఇంకో 100. ఇరవై హెచ్‌పీ బండికి అది మోయలేని చుట్టరికం. 500 నుంచి 600 కిలోల దగ్గర ఆగమంటాను.

అపోహ: అయితే డ్రమ్ము చిన్నది చేద్దాం. లేదంటే సగమే పోద్దాం.

చిన్న డ్రమ్ము నేలలోకి దిగి, మట్టిని ముందుకి అలలా తోస్తుంది. పెద్ద చుట్టుకొలత సులువుగా దొర్లుతుంది. కాబట్టి అడ్డుకొలత తగ్గించొద్దు, బరువు తగ్గించండి.

ఎలాగంటే సగం పోసి మాత్రం కాదు. భీమిలి నుంచి ఒకాయన తెచ్చిన డ్రమ్ము చూసి నవ్వాపుకోలేకపోయాం. పడుకోబెట్టి, పక్కన కంత కోసి, సగానికి పోశారు. షెడ్డు గచ్చు మీద మా కుర్రాడు కాలితో తన్నాడు. అది కాస్త తిరిగింది, ఆగింది, తిరిగి వెనక్కొచ్చింది, ఇటూ అటూ ఊగి మళ్లీ మొదటి చోటే కూర్చుంది. పిల్లలాడుకునే, తోస్తే ఊగి మళ్లీ లేచే బొమ్మ! బరువంతా ఒక పక్కనుంటే ట్రాక్టరు లాగినప్పుడు రోలర్ దొర్లదు. గడ్డి మీద ఈడ్చుకుపోతుంది, లేదా దబ్బుదబ్బున పడుతుంది.

సరైన దారి ఏమిటంటే, మధ్యలో ఖాళీ వదలడం. 60 సెంటీమీటర్ల గొట్టం లోపల సరిగ్గా నడిమధ్యన 40 సెంటీమీటర్ల గొట్టం నిలబెట్టి, అడుగు ప్లేటుకి వెల్డ్ చేసి, రెండింటి మధ్య సందులోనే పోస్తాం. కాంక్రీటు 450 కిలోలకి దిగుతుంది, చుట్టుకొలత చెక్కుచెదరదు. 1:2:4 పాళ్లలో (సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు) కలిపితే సిమెంటు బస్తాపావు అవుతుంది.

అపోహ: రెండొందల లీటర్ల డ్రమ్ము దొరికితే సగం పని అయినట్టే.

ఆ డ్రమ్ము చుట్టూ ఉబ్బెత్తు కట్లు రెండుంటాయి. పచ్చిక మీద రెండు కాలవలు గీస్తాయి. పైగా రేకు పల్చన, మన ఉప్పుగాలికి కొన్నేళ్లలో జల్లెడవుతుంది. నేను రోలింగ్ మెషిన్ మీద ప్లేటు వంచి చేసిన గొట్టమే వాడతాను. అంచుల్లో చుట్టూ 12 ఎం.ఎం. రాడ్డు వంచి అతికిస్తాను, లేకపోతే తిరిగేటప్పుడు అంచు గడ్డిని కోస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆయిలో, థిన్నరో, తెలీని కెమికలో ఉన్న పాత డ్రమ్ముని గ్రైండరుతో గానీ గ్యాసుతో గానీ కోయకండి. ఖాళీగా కనబడే డ్రమ్ములో ఆవిరి మిగిలి ఉంటే బాంబులా పేలుతుంది. మూత తీసి పెట్టినంత మాత్రాన ఆ ఆవిరి పోదు.

అపోహ: ఇరుసు లావుగా ఉంటే చాలు, మిగతాది కాంక్రీటు పట్టుకుంటుంది.

ఇది నా సొంత తప్పు మీద నేర్చుకున్న పాఠం. తొలి రోజుల్లో ఒక రోలర్‌కి 50 ఎం.ఎం. ఇరుసు నిలబెట్టి కాంక్రీటు పోశాం. కంకర కూరుకోవాలని రాడ్డుతో పొడుస్తుంటే ఇరుసు పై కొస ఒక సెంటీమీటరు పక్కకి జరిగింది. ఎవరమూ చూసుకోలేదు. ఒక సెంటీమీటరే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి చుట్టుకీ ఆ వైపు రెండు సెంటీమీటర్లు లేచి దిగుతుంది. నెల తిరక్కుండా బేరింగులు చప్పుడు, హుక్కు దగ్గర చీలిక. మళ్లీ కొత్తది చేసిచ్చాను, నా ఖర్చుతోనే.

అప్పట్నుంచి రెండు చివరలా ప్లేట్లు లేత్ మీద కంత పెట్టించి, ఇరుసు వాటిలో బిగిసిన తర్వాతే పోత. పై ప్లేటులో పోయడానికి కంతలు వదులుతాం. బయట రేకు లోపలి వైపు రాడ్డు ముక్కలు అతికిస్తాం, ఎందుకంటే కాంక్రీటు కాస్త కుంచించుకుని రేకు నుంచి వదులవుతుంది, పట్టు లేకపోతే లోపల దొర్లుతుంది.

వీలైతే 120 సెంటీమీటర్ల రోలర్‌ని ఒక్క ముక్కగా కాక, 60 సెంటీమీటర్ల ముక్కలు రెండుగా చేయించండి. మలుపులో బయటి వైపు ఎక్కువ దూరం తిరగాలి కదా, ఒక్క ముక్కైతే గడ్డిని రాసి పీకుతుంది. రెండైతే దేని దారిన అది తిరుగుతుంది. అప్పుడు ఇరుసు తిరగదు. డ్రమ్ముల్లో బుష్‌లు (ఇరుసు మీద తిరిగే చిన్న గొట్టాలు) వేసి, గ్రీజు ఎక్కే దారి పెట్టాలి. ఒక్క ముక్కకైతే రోలర్‌ని లాగే ఫ్రేము మీద యూసీపీ 210 బేరింగులు (50 ఎం.ఎం. ఇరుసుకి పట్టే, బోల్టులతో బిగించే రకం) చాలు.

అపోహ: లోపల పోసేదే కదా, బీచ్ ఇసుక చాలు. ఎండలో పెడితే తొందరగా గట్టిపడుతుంది.

ఉప్పు ఇసుక రేకుని లోపల్నుంచి తింటుంది. నది ఇసుకో, క్వారీ ఇసుకో వాడండి. ఇక కాంక్రీటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఎండలో పెడితే పగుళ్లే. నీడలో నిలబెట్టి తడి గోనె సంచులు కప్పి కనీసం వారం, లాన్ మీదకి దించడానికి 28 రోజులు.

అపోహ: ట్రాక్టరు లాగుతోంది కదా, ఇంకేం భయం?

లాగడం తేలిక. ఆపడమే కష్టం. రోలర్‌కి బ్రేకులుండవు. రుషికొండ, ఎండాడ వైపు తోటలు చాలా మటుకు వాలు మీదే ఉంటాయి. పది అడుగులకి ఒక అడుగు దిగే వాలులో 560 కిలోల రోలర్ 56 కిలోల బలంతో వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. అందులో గడ్డి తడిగా ఉంటే టైరు జారడం ఎంతసేపు! వాలుకి అడ్డంగా తోలొద్దు. దిగేటప్పుడు క్లచ్ తొక్కొద్దు, న్యూట్రల్ చెయ్యొద్దు, లో గేరులోనే దిగండి. ఎడమ కుడి బ్రేకు పెడళ్లకి మధ్య కొక్కెం వేసి ఉందో లేదో ముందే చూడండి. ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి తిరిగిపోతుంది.

రోలర్ హుక్కుని ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబార్‌కే (బరువు లాగే పట్టీకే) తగిలించాలి. వెనక ఇరుసు కన్నా ఎత్తులో, టాప్‌లింక్ (పనిముట్లు తగిలించే పై కడ్డీ) దగ్గర కట్టారంటే బరువు లాగినప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. డ్రైవరు మీదకి బండి వెనక్కి తిరగబడుతుంది.

ఎప్పుడు తిప్పాలో మట్టినే అడగండి. గుప్పెడు తీసి పిసకండి. చేతికి బంక అంటితే ఇంకా రెండు రోజులాగండి. ఉండై, వేలితో తడితే విడిపోతే అదే సమయం.

భీమిలి ఆయన డ్రమ్ము ఇంకా మా షెడ్డు బయటే ఉంది. పాత ఇనుము కుర్రాడు చూసి, లోపల సిమెంటుందని కాటా తీయకుండానే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు మా వాళ్లు దాని మీదే కూర్చుంటారు. అది మాత్రం ఎంత తన్నినా దొర్లదు.