చిప్పులో కలవని నీళ్లు

గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య అడిగింది: "సార్, ఒక్క చుక్క రక్తంతో అన్ని టెస్టులూ చేసే చిప్పు వస్తుందట కదా, మరి మా ఉద్యోగాలు ఉంటాయా?" విజయవాడ సూర్యారావుపేటలో సందు సందుకీ ల్యాబు కనిపిస్తుంది కాబట్టి ఈ ప్రశ్న నాకూ దగ్గరిదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ చిప్పులో నీళ్లు ఎలా పారతాయో చూడాలి.

చిప్పు అంటే గాజు మీదో ప్లాస్టిక్ మీదో చెక్కిన సన్నటి కాలువలు. ఒక ల్యాబులో జరిగే పనులన్నీ ఒకే పలక మీద చేయొచ్చన్న ఆలోచనకు 1990లో ఆండ్రియాస్ మాంజ్ అనే శాస్త్రవేత్త రూపం ఇచ్చాడు. ఆ చరిత్ర ఇక్కడికి చాలు. నన్ను కట్టిపడేసేది అందులోని నీటి నడక.

ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం చూసే ఉంటారు. పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చిన గోదావరి నీళ్లు అక్కడ కృష్ణలో కలుస్తాయి. వానాకాలంలో ఎర్రటి నీళ్లు కాసేపు విడిగా కనిపించినా, సుడులు వాటిని తిప్పి తిప్పి కలిపేస్తాయి. ప్రకాశం బ్యారేజీకి వచ్చేసరికి ఏది గోదావరో ఏది కృష్ణో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ఆ సంగమాన్ని మిల్లీమీటరులో పదో వంతు వెడల్పుకు కుదించండి. రెండు ధారలూ ఒకే కాలువలో, మధ్యన గోడ లేకుండానే, ఒకదాన్నొకటి ఆనుకుని పారతాయి. సుడి పుట్టదు.

ఎందుకంటే నీటికి ముందుకు దూసుకుపోయే ఊపు ఒకటి, పొరలను పట్టి ఉంచే జిగురుతనం ఒకటి ఉంటాయి. ఈ రెండింటి నిష్పత్తే రేనాల్డ్స్ సంఖ్య. 1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీళ్లు వదిలి దీన్ని కళ్లకు చూపించాడు. గొట్టాల్లో ఇది సుమారు 2000 దాటితే సుడులు మొదలవుతాయి. 4 మీటర్ల లోతున సెకనుకు మీటరు చొప్పున పారే నీటికి ఇది 40 లక్షలు. చిప్పులో సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున కదిలే నీటికి 0.1. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని పరీక్షకు పనికొచ్చే సూత్రంగా చెప్పి వదిలేస్తారు. నాకు బాధగా ఉంటుంది. ఒక గాజు గొట్టం, కాస్త సిరా ఉంటే క్లాసులోనే చూపించొచ్చు కదా!

సుడులు లేనప్పుడు ఇక మిగిలేది వ్యాపనం, అంటే అణువులు తమంతట తాము అటూ ఇటూ కదులుతూ పక్కకు జరగడం. దూరం పదింతలైతే దీనికి పట్టే సమయం వందింతలవుతుంది. చిన్న అణువు నీటిలో ఒక సెంటీమీటరు దాటడానికి దాదాపు 14 గంటలు పడుతుంది. మిల్లీమీటరులో పదో వంతుకు 5 సెకన్లు చాలు. మామూలు ల్యాబులో గంటలు పట్టే కొన్ని పరీక్షలు చిప్పులో నిమిషాల్లో తేలడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకో అందం ఉంది. అణువు పెద్దదైన కొద్దీ వ్యాపనం నెమ్మదిస్తుంది. మన బుల్లి సంగమంలో ఒండ్రు అంతా గోదావరి పక్కనే ఉండిపోతుంది, కరిగిన ఉప్పు మాత్రం కృష్ణ పక్కకు దాటుతుంది. చివర్లో కాలువను రెండుగా చీలిస్తే ఉప్పు చేరిన నీళ్లు వేరుగా చేతికొస్తాయి. ఒండ్రు స్థానంలో రక్తకణాలను, ఉప్పు స్థానంలో చిన్న అణువులను పెట్టుకోండి. రక్తాన్ని గిరగిరా తిప్పి కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం లేకుండానే వడపోత అయిపోయింది!

ఇది పరిశోధనశాలకే పరిమితం కాలేదు. గోవాకు చెందిన మోల్‌బయో తయారుచేసే ట్రూనాట్ యంత్రంలో చిప్పు మీదే పీసీఆర్, అంటే ద్రవాన్ని వేడిచేసి చల్లారుస్తూ డీఎన్‌ఏ ముక్కకు పదే పదే నకళ్లు తీసే పని, జరుగుతుంది. ద్రవం అతి కొద్దిగా ఉండటం వల్ల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ప్రతి విడతకూ డీఎన్‌ఏ రెట్టింపయితే 30 విడతల్లో ఒక్క ముక్క 107 కోట్లకు పైగా అవుతుంది. క్షయ నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీన్ని సిఫారసు చేసింది. కోవిడ్ సమయంలో మన రాష్ట్రంలోనూ వాడారు.

ఇక ఒక్క చుక్క సంగతి. టెస్టుకు రక్తం తీస్తే నీరసం వస్తుందని మనవాళ్లలో గట్టి నమ్మకం. ఒంట్లో ఉండే సుమారు 5 లీటర్లలో 5 మిల్లీలీటర్లు వెయ్యో వంతు మాత్రమే. ఆ భయం వదిలేయాలి. చుక్కతో అన్నీ చేస్తామన్న అమెరికా సంస్థ థెరానోస్ చివరకు మూతపడింది. పెట్టుబడిదారులను మోసం చేసినందుకు దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌ను కోర్టు 2022లో దోషిగా తేల్చింది. మోసం సంగతి అలా ఉంచినా, ఇక్కడ లెక్కే అడ్డం వస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినా ఒక్క మైక్రోలీటరులోనే (మిల్లీలీటరులో వెయ్యో వంతు) వేలల్లో ఉంటాయి, కాబట్టి చుక్క చాలు. అదే మిల్లీలీటరుకు పది బాక్టీరియాలే ఉన్నాయనుకోండి. 20 మైక్రోలీటర్ల చుక్కలు ఐదు తీస్తే దాదాపు నాలుగింటిలో ఒక్కటీ దొరకదు. చిప్పు ఎంత గొప్పదైనా చుక్కలో లేనిదాన్ని చూపించలేదు. అందుకే రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు సీసాలోకి ఎక్కువ రక్తం తీస్తారు.

అందుచేత, అమ్మా, సిర నుంచి రక్తం తీయడం నీకు రావాల్సిందే. వేలి చుక్క తీయడం కూడా సరిగ్గా నేర్చుకో. వేలిని గట్టిగా పిండితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటకొచ్చి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.