ఇరాక్ యుద్ధం: ఫైళ్ళలోనే ఉండిపోయిన సందేహాలు

ఏ ప్రభుత్వమైనా యుద్ధానికి కారణాలు చెప్పడం మొదలుపెట్టగానే 2003 నాటి ఇరాక్ ప్రస్తావన వస్తుంది. ఇరాక్ దగ్గర రసాయన, జీవ, అణ్వాయుధాల ముప్పు ఉందంటూ అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ తెలిసే అబద్ధం చెప్పారని కొందరు, నిఘా సంస్థలే వాళ్ళను తప్పుదారి పట్టించాయని మరికొందరు ఇప్పటికీ వాదిస్తుంటారు. నాకు మాత్రం అడగాల్సిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. ప్రభుత్వ ఫైళ్ళలో రాసి ఉన్న సందేహాలు ప్రజల దాకా ఎందుకు రాలేదు?

ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్‌ను అనుమానించడానికి కారణాలు లేకపోలేదు. 1988లో ఇరాక్‌లోని హలబ్జాలో కుర్దు జాతి ప్రజల మీద విషవాయువు వదిలి వేల మందిని చంపిన ప్రభుత్వం అది. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత అలాంటి ఆయుధాలన్నీ నాశనం చేయాలని భద్రతా మండలి 687వ తీర్మానంలో షరతు పెట్టింది. తనిఖీలకు ఇరాక్ పదేపదే అడ్డుపడింది. 1998 డిసెంబరులో తనిఖీ బృందాలు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళు లోపలికెళ్ళి చూసే అవకాశమే లేకపోయింది. తెలిసింది తక్కువ, ఊహించింది ఎక్కువ.

అల్యూమినియం గొట్టాల సంగతి చూడండి. ఇరాక్ తెప్పించుకోవాలని చూసిన గొట్టాలు అణుబాంబు కోసం యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల కోసమేనని అమెరికా నిఘా సంస్థ సీఐఏ అంది. సెంట్రిఫ్యూజ్‌ల గురించి బాగా తెలిసిన అమెరికా ఇంధన శాఖ నిపుణులు కాదన్నారు. అవి మామూలు రాకెట్ల తయారీకి అయ్యుంటాయని వాళ్ళ అభిప్రాయం. విదేశాంగ శాఖ నిఘా విభాగం కూడా సీఐఏతో ఏకీభవించలేదు. ఇదంతా అమెరికా నిఘా సంస్థల 2002 అక్టోబరు నాటి రహస్య నివేదికలో ఉంది. అదే నెలలో ప్రజల కోసం విడుదల చేసిన ప్రతిలో ‘మా అంచనా ప్రకారం’ లాంటి మాటలు చాలాచోట్ల తీసేశారు. ఎవరు విభేదించారో చెప్పలేదు. అంచనాను అంచనాగా చెప్పకపోవడం చిన్న విషయం కాదు. ఆ నెలలోనే ప్రతినిధుల సభ 296–133, సెనేట్ 77–23 ఓట్లతో ఇరాక్ మీద బలప్రయోగానికి అధికారం ఇచ్చేశాయి.

బ్రిటన్‌లోనూ ఇంతే. 45 నిమిషాల్లో ఇరాక్ రసాయన, జీవాయుధాలను ప్రయోగించగలదని 2002 సెప్టెంబరు 24న ప్రభుత్వం ఒక పత్రం విడుదల చేసింది. ఆ సమాచారం యుద్ధరంగంలో దగ్గరి నుంచి వాడే ఆయుధాల గురించి. ఆ వివరం పత్రంలో లేదు. సైప్రస్‌లోని బ్రిటిష్ స్థావరాలకే ముప్పు వచ్చిపడిందన్నట్టు పత్రికలు రాశాయి.

2003 జనవరిలో బుష్ తన ప్రసంగంలో, సద్దాం ఆఫ్రికా నుంచి యురేనియం కోసం ప్రయత్నించాడని బ్రిటన్ తెలుసుకుందన్నారు. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో సంచార జీవాయుధ ప్రయోగశాలల బొమ్మలు చూపించారు. దానికి ముఖ్య ఆధారం జర్మనీలో ఆశ్రయం పొందిన ఒక ఇరాకీ ఇంజనీరు మాటలు. అవి కల్పించి చెప్పినవని అతనే 2011లో ఒప్పుకున్నాడు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మార్చి 7. అప్పటికి తనిఖీలు మళ్ళీ మొదలై మూడు నెలలు దాటింది. నైజర్ నుంచి యురేనియం కొనుగోలుకు సంబంధించినవని చూపిన పత్రాలు అసలైనవి కావని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ ఆ రోజు భద్రతా మండలికి చెప్పారు. పని పూర్తిచేయడానికి ఏళ్ళూ అక్కర్లేదు, వారాలూ సరిపోవు, కొన్ని నెలలు కావాలని తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ అన్నారు. అంటే నిజమేమిటో తేల్చే మార్గం కళ్ళముందే ఉంది. మార్చి 20న యుద్ధం మొదలైంది.

ఆయుధ నిల్వలు లేవని అమెరికా సొంత బృందమే 2004లో తేల్చింది. ఈ యుద్ధం మీద బ్రిటన్‌లో ఏడేళ్ళు సాగిన చిల్కాట్ విచారణ 2016లో నివేదిక ఇచ్చింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని, ముప్పును ఆధారాలు సమర్థించనంత నిశ్చయంగా చెప్పారని అందులో ఉంది.

2002లో అమెరికా కాంగ్రెస్ ఇచ్చిన అధికారం మాత్రం అప్పటికీ రద్దు కాలేదు. 2020 జనవరిలో బాగ్దాద్‌లో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీని చంపినప్పుడు కూడా ట్రంప్ ప్రభుత్వం చూపిన చట్టబద్ధ ఆధారాల్లో అదీ ఒకటి.