నచ్చిన పుస్తకం గురించి నలుగురికి చెప్పడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒక మాసపత్రికకు పాఠకులు పంపే పుస్తక పరిచయాలను చదివి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేసే పని నాది. దానితోపాటు మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలనెలా జరిగే పాఠకుల సమావేశాన్ని కూడా నిర్వహిస్తుంటాను. ఈ రెండు చోట్లా నాకు పరిచయమయ్యేవారిలో ఎక్కువమంది శ్రద్ధగా చదివేవారే అయినప్పటికీ, తమకు నచ్చిన పుస్తకం గురించి ఒక పేజీ రాయమని అడిగితే మాత్రం వెనకాడతారు. ఎందుకని అడిగితే వారు చెప్పే కారణాలు చాలావరకు ఎక్కడో విని నమ్మినవే తప్ప అనుభవంతో తెలుసుకున్నవి కావు. తరచుగా వినిపించే కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ఇష్టంతో చెప్పేది పొగడ్తే అవుతుంది. పుస్తకం గురించి మాట్లాడేవారు తటస్థంగా ఉండాలి, అందులో 'నేను' అనే మాట రాకూడదు.

వాస్తవం: తెలుగులో ఒక పుస్తకం మీద వచ్చిన అత్యంత ప్రసిద్ధమైన అభిప్రాయాలలో తటస్థత అన్నది మచ్చుకైనా కనిపించనిది ఒకటుంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 1940లో రాసిన 'యోగ్యతాపత్రం' అది. ఇది ఆ గీతాల సంగతి కాదు, అంతా నా గొడవేనని చలం అందులో తానే ఒప్పుకొని, ఇష్టం లేనివారిని ఆ పేజీలు తిప్పేసి నేరుగా కవిత్వంలోకి వెళ్లిపొమ్మన్నాడు. 1950లో పుస్తకం వెలువడిన నాటినుంచి ఎన్నో తరాల పాఠకులు ఆ పేజీలను తిప్పేయకపోగా, గీతాలతో సమానంగా గుర్తుపెట్టుకున్నారు. చదివినప్పుడు తనకేమైందో ఒక మనిషి దాపరికం లేకుండా చెప్పినప్పుడు ఎదుటివారికి ఆ పుస్తకం తెరవాలనిపిస్తుంది.

అయితే ఇష్టం ఉంటే చాలు, ఆధారం అక్కర్లేదని దీని అర్థం కాదు. మా పత్రికకు వచ్చే పరిచయాలలో 'అద్భుతం', 'ఆద్యంతం ఆసక్తికరం', 'ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం' అన్న మూడు మాటలు దాదాపు అన్నింటిలోనూ ఉంటాయి. నేను ముందుగా కొట్టేసేవి అవే, ఎందుకంటే వాటిని ఏ పుస్తకానికి తగిలించినా అతుకుతాయి. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు' గురించి ఒక బ్యాంకు ఉద్యోగిని పంపిన పరిచయం కూడా ఈ మాటలతోనే మొదలైంది. మూడో పేరాలో మాత్రం ఆమె ఇలా రాశారు: డిగ్రీ చదివే రోజుల్లో తనకు ఆ నవలలోని ఇందిర అంటే కోపం వచ్చేదట, ఆమెది స్వార్థమనిపించేదట, ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు తన జీతంలోంచే కట్టాల్సి వచ్చిన ఏళ్లలో మళ్లీ చదివితే, బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తూ ఎవరి దయకూ ఎదురుచూడని ఆ అమ్మాయి ఒక్కతే ఆ నవలలో కళ్లు తెరిచి బతుకుతున్న మనిషిగా కనిపించిందట. మొదటి రెండు పేరాలు తీసేసి పరిచయాన్ని అక్కడినుంచే మొదలుపెట్టాం. తటస్థంగా రాయమని ఆమెను ఒత్తిడి చేసి ఉంటే పోయేది సరిగ్గా ఆ మూడో పేరాయే.

అపోహ: కాలక్షేపం నవలల గురించి ఇష్టంగా మాట్లాడటం నామోషీ. పది మందిలో గొప్ప సాహిత్యం పేరే చెప్పాలి.

వాస్తవం: మా సమావేశాలకు నష్టం చేసే అపోహల్లో ఇది మొదటిది, ఎందుకంటే ఇది నేరుగా అబద్ధాలు చెప్పిస్తుంది. ఇష్టమైన పుస్తకం ఏదంటే చాలామంది బరువైన పేర్లు నాలుగు చెబుతారు, కాసేపు మాట్లాడనిస్తే వాటిలో రెండు పూర్తిగా చదవలేదని బయటపడుతుంది. అదే మనిషి టీ తాగుతూ పక్కవారితో, చిన్నప్పుడు వారపత్రిక వచ్చే రోజున ఇంట్లో సీరియల్ కోసం జరిగిన కొట్లాటల గురించి కళ్లు మెరుస్తుండగా చెబుతారు. నిజమైన అభిప్రాయం ఆ రెండోది. దానికి సమావేశంలో చోటు దొరక్కపోతే ఆ సమావేశం ఎందుకు?

అరవై, డెబ్భై దశకాల్లో మన ఇళ్లలో జరిగిన ఒక పనిని గుర్తు చేస్తాను. వారపత్రికల్లో, మాసపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను ప్రతిసారీ జాగ్రత్తగా చింపి దాచి, నవల పూర్తయ్యాక వాటిని వరుసగా పేర్చి బైండు చేయించుకునేవారు. అటువంటి బైండు పుస్తకాలు పాత ఇళ్ల అటకల మీద, పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. మా గ్రంథాలయానికి ఒక కుటుంబం ఇచ్చిన కట్టలో అటువంటిదొకటి ఉంది. మధ్యలో దొరకని ఒక వారం భాగాన్ని ఎవరో ఠావు కాగితాల మీద గుండ్రని చేతిరాతతో, బహుశా పొరుగింటి ప్రతి చూసి, మొత్తం ఎత్తి రాసి అతికించారు. కథానాయకుడు తొందరపడి మాట జారిన చోట అంచున పెన్సిలుతో 'తప్పు చేశావు' అని ఉంది. ఆ పాఠకురాలి సమీక్షను ఏ పత్రికా అడిగి ఉండదు. కాని ఒక పుస్తకం మీద ఇంతకన్నా స్పష్టమైన అభిప్రాయాన్ని నేను అరుదుగా చూశాను. (పాఠకురాలు అనడం నా ఊహే.)

'కాలాతీత వ్యక్తులు' కూడా 1957-58 ప్రాంతంలో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలే. ఏది కాలక్షేపం, ఏది నిలిచేది అన్న లెక్క చివరికి పాఠకులు ఏళ్ల తరబడి ఒకరికొకరు చెప్పుకోవడం మీదే చాలావరకు ఆధారపడుతుంది కాబట్టి, ఆ లెక్క ముందే తేలిపోయినట్టు సిగ్గుపడవలసిన పని లేదు.

అపోహ: కథ చెప్పేస్తే పుస్తకం చదివే సరదా పోతుంది.

వాస్తవం: అపరాధ పరిశోధక నవలల విషయంలో ఇది నిజం. మిగిలిన వాటిలో చాలావాటికి వర్తించదు. గిరీశానికి కథ అడ్డం తిరుగుతుందని తెలియక 'కన్యాశుల్కం' తెరిచేవారు ఎంతమంది ఉంటారు? అయినా జనం చదువుతూనే ఉన్నారు, చదివి వినిపిస్తూనే ఉన్నారు. పాఠకుణ్ని నిజంగా విసిగించేది ముగింపు తెలియడం కాదు, అభిప్రాయం లేకుండా మూడు పేజీల కథాసారాంశం చదవాల్సి రావడం.

ఇదే నాటకం మరో జాగ్రత్తను కూడా నేర్పుతుంది. 1892లో మొదట ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' వేరు. గురజాడ దాదాపుగా తిరగరాసి, మధురవాణి పాత్రను ఎంతో పెంచి 1909లో వెలువరించినది వేరు. మా సమావేశంలో ఒకసారి మధురవాణి గురించి ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ పుస్తకాలున్నాయి, ఇద్దరూ తమ పేజీ చూపించగలిగారు. ఒకరు చదివింది తొలి కూర్పని తెలిసేదాకా ఆ వాదన తెగలేదు. అందువల్ల ఏ కూర్పు చదివారో, ఎవరు ప్రచురించారో పరిచయంలో ఒక్క వాక్యమైనా రాయాలని నేను పట్టుబడతాను.

అపోహ: నచ్చిన పుస్తకంలో లోపం ఎత్తి చూపితే ఉత్సాహం చప్పబడుతుంది.

వాస్తవం: అచ్చుతప్పులు విసిగించాయనో, చివరి యాభై పేజీలు సాగదీశారనో చెప్పిన వ్యక్తి మెచ్చుకున్న మాటను జనం ఎక్కువగా నమ్ముతారు.

అపోహ: తెలిసినవారి పుస్తకం గురించి మంచిగా చెప్పడంలో తప్పేముంది?

వాస్తవం: తప్పు లేదు, తెలిసినవారని చెప్పకపోవడమే తప్పు. మన ఆవిష్కరణ సభల్లో వేదిక మీది వక్తలు పుస్తకాన్ని ఆకాశానికెత్తుతారు. అది పెళ్లింటి మర్యాదలాంటిది, సభలో ఉన్నవారందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ మోసపోరు. చిక్కల్లా అదే ప్రసంగం వారం తిరిగేసరికి సమీక్షగా అచ్చయినప్పుడు వస్తుంది. సమీక్ష కోసం రెండు ప్రతులు పంపమని పత్రికలు అడగడం మనకు పాత ఆనవాయితీ. అలా అందిన ప్రతి మీద రాస్తున్నా, రచయితతో స్నేహమున్నా ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తే మెచ్చుకోలుకు ఏ లోటూ రాదు. రచయితలు నొచ్చుకుంటారని కొందరి భయం. నా అనుభవంలో నొచ్చుకునేది రచయితలు కాదు, వారి ఆప్తమిత్రులు.

అపోహ: పుస్తకాల గురించి కూర్చుని మాట్లాడుకోవడం మనకు అలవాటు లేని పని, ఈమధ్య వచ్చిన మోజు.

వాస్తవం: హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలయ్యాయి. గ్రంథాలయోద్యమం పుస్తకాలను బీరువాల్లో సర్దడంతో ఆగలేదు. చదువు రానివారి కోసం బిగ్గరగా చదివి వినిపించడం, చదివినదాన్ని చర్చించడం దానిలో భాగంగానే సాగాయి. డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి సభ్యులు అమెరికాలో నెలనెలా కలిసి ఒక తెలుగు పుస్తకం గురించి మాట్లాడుకోవడం కూడా ఈ అలవాటుకు కొనసాగింపే.

అపోహ: మంచి పుస్తకం నలుగురికీ చేరాలంటే పీడీఎఫ్ పంచేయడమే మార్గం. పాత పుస్తకాలకు హక్కులు ఉండవు. సమీక్షలో నాలుగు పంక్తులకు మించి ఎత్తి రాయకూడదు.

వాస్తవం: ఈ మూడూ కలిసే వినిపిస్తాయి కాబట్టి కలిపే చెబుతాను. పుస్తకం నచ్చిన వేడిలో దాన్ని స్కాన్ చేసి వాట్సాప్ బృందంలో పెట్టేసేవారి ఉద్దేశం మంచిదే. మన దేశంలో రచయిత జీవించి ఉండగా వెలువడిన పుస్తకంపై కాపీహక్కు, ఆ రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలను ఎవరైనా అచ్చు వేయవచ్చు, పంచవచ్చు. 1961లో చిన్న వయసులోనే మరణించిన శ్రీదేవి నవల 2022 నుంచి ఆ జాబితాలో చేరింది. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో మరణించారు కనుక వారి రచనలపై హక్కులు వరుసగా 2039, 2043 చివరిదాకా అమలులో ఉంటాయి. మూల రచన మీద హక్కు తీరిపోయినా, కొత్త ముద్రణకు వేరొకరు రాసిన ముందుమాట, వేసిన బొమ్మలు వారి సొత్తే. తెలుగు పుస్తకాలు చాలావరకు అయిదు వందలో వెయ్యో ప్రతులు మాత్రమే అచ్చవుతాయి కాబట్టి, మార్కెట్లో ఉన్న పుస్తకం పీడీఎఫ్ ఒక బృందంలో తిరిగిందంటే ఆ మేరకు చిన్న ప్రచురణకర్తకు మలి ముద్రణ వేసే ధైర్యం తగ్గుతుంది.

ఉటంకింపుల సంగతి దీనికి భిన్నం. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు ఎత్తి రాసుకోవడానికి కాపీహక్కు చట్టంలోని 52వ సెక్షన్ అవకాశమిస్తుంది. ఇన్ని పంక్తులని, ఇంత శాతమని అందులో లెక్కేమీ లేదు. మీ అభిప్రాయాన్ని నిలబెట్టడానికి ఎంత అవసరమో అంత తీసుకోండి, రచయిత పేరు, పుస్తకం పేరు, పుట సంఖ్య ఇవ్వండి. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, వెల ఎంతో చివర రాయడం మరవకండి. పరిచయం అచ్చయిన మర్నాడు మా కార్యాలయానికి వచ్చే ఫోన్లలో ఎక్కువభాగం వాటి కోసమే.